నేను గాలి మూసిన చలికాలం

కరీంనగర్ జిల్లా ఎండల్లో పుట్టి, ఎండలకే పేరుబడ్డ దేశానికి ఏసీలు బాగుచేయడానికి పోయినవాడిని. అలాంటి నన్ను ఒక చలికాలమంతా ఇల్లు వెచ్చబెట్టే పనిలో పెట్టారంటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఒమన్‌లో చలేమిటని నవ్వుతారు. జబల్ అఖ్దర్ కొండ మీద తెల్లవారి బకెట్‌లో నీళ్లు గడ్డకట్టి ఉండటం చూసినవాడిని కాబట్టి, నేను వాదించను.

ఏసీ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. గల్ఫ్‌లో మీరు చేసిన పెద్ద పనేమిటని అడుగుతారు. మస్కట్ రూవిలో ఏడంతస్తుల ఆఫీసుకు ఒక్క శుక్రవారంలో చల్లదనం తెచ్చిన సంగతి చెప్తాను. అది నిజమే, కాస్త ఉప్పూకారం వేస్తాను. ఈ సంగతి మాత్రం ఇంతవరకు చెప్పలేదు. ఇందులో నేను బాగుచేసింది ఏమీ లేదు మరి.

తొంభైల మొదట్లో మాట. మా కంపెనీ మస్కట్ పక్కన ఘాలాలో ఉండేది. చలికాలం వస్తే ఏసీవాళ్లకు పని పడిపోతుంది. ఫిల్టర్లు కడుగుతున్నట్టు కనబడుతూ టీ తాగడమే మా డ్యూటీ. అలా మూడో టీ తాగుతుండగా మేనేజరు కంటబడ్డాను.

మస్కట్‌లో ఒక పెద్ద వ్యాపారి ఉండేవాడు. మేమంతా అర్బాబ్ అనేవాళ్లం, అంటే యజమాని. ఆయన తల్లి కిందికి దిగి రానని, దానిమ్మ తోటలు వదలనని, కొండ మీదనే ఉండేది. కొడుకు ఆమెకు రాతి ఇల్లు కట్టించి, చలికి ఆగలేదేమోనని విదేశం నుంచి డీజిల్‌తో మండే ఫర్నేసు ఒకటి తెప్పించి పెట్టించాడు. ఫర్నేసు గాలిని వేడిచేసి డక్టుల గుండా గదులకు పంపుతుంది. పెట్టినవాళ్లు పెట్టి పోయారు. నాలుగేళ్లుగా దాని మొహం చూసినవాడు లేడు. అది మాత్రం ఏటేటా ఎక్కువ డీజిల్ తాగుతోంది. డ్రమ్ములు కింద బిర్కత్ అల్ మౌజ్ ఊరి నుంచి నిట్టనిలువు మట్టిరోడ్డు మీద పికప్‌లో ఎక్కాలి. ఆ చలికాలం వారానికి మూడు డ్రమ్ములు ఎక్కుతున్నాయట. అర్బాబ్ మా కంపెనీని పిలిచి సగానికి తగ్గించమన్నాడు. మేనేజరు సరేనన్నాడు. సరే అనడం ఆయనకు అలవాటు, చేయడం మా అలవాటు.

నాకు ఫర్నేసు గురించి తెలియదని మొత్తుకున్నాను. ఆయన హిందీలో ఓపికగా నచ్చజెప్పాడు. అక్కడా డక్టులే, ఇక్కడా డక్టులే, అక్కడా ఫ్యానే, ఇక్కడా ఫ్యానే, చల్లగాలి పంపేవాడికి వేడిగాలి ఏం లెక్క అన్నాడు. వినడానికి బాగానే అనిపించింది. పైగా టీ గ్లాసు నా చేతిలోనే ఉంది.

ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు. ఒకరు పెద్దమ్మ, రెండోది వంటామె. బయట ఒక ముసలి వాచ్‌మన్, ఆ ఊరివాడే, డ్రమ్ములు మోసుకొచ్చే పికప్ కూడా ఆయనే నడిపేవాడు. నాకు ఇంటికి నలభై అడుగుల దూరంలో పోర్టా కేబిన్ ఇచ్చారు. వంటామెది కడప జిల్లా. అప్పటికే తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఉంది. నాకంటే పదేళ్లు పెద్దది. తెలుగు వినబడగానే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసి, "బూట్లు ఇప్పి రా తమ్ముడా, ఇప్పుడే తుడిస్తిని" అన్నది.

ఆమె మాటిమాటికీ "మామా, మామా" అని పిలుస్తుంటే ఇంట్లో మగమనిషి ఎవరున్నారా అని మొదటిరోజంతా వెతికాను. అక్కడ ఇంటి పెద్దావిడను అలా పిలుస్తారని సాయంత్రానికి తెలిసింది. మామా చిన్నగా, ఎండిన ఖర్జూరంలా ఉండేది. చేతిలో కర్ర. కొడుకు పెట్టించిన మెషీన్ అంటే ఆమెకు పడదు. కిటికీ మూసుకుని పడుకోవడం కూడా పడదు. ఇంట్లో నాలుగు కిటికీలు తెరిచి ఉంటాయి, వెనక ఫర్నేసు కొండనంతా వెచ్చబెట్టడానికి రాత్రింబవళ్లు మండుతూ ఉంటుంది.

అది చూడగానే నా ఛాతీ ఉబ్బింది. రోగం దొరికిందనుకున్నాను. ఏసీ మెకానిక్కుకు తెలిసిన శాస్త్రం ఒకటే, తలుపులు మూయండి, కిటికీలు మూయండి, సందులు మూయండి. రెండు రోజులు ఇల్లంతా తిరిగి మూశాను. కిటికీ అంచులకు ఫోమ్ అంటించాను. మామా గదిలో కిటికీ మూస్తే ఆమె మంచం మీద కూర్చుని నన్నే చూస్తూ ఏదో అన్నది. వంటామెను అడిగితే, చెప్పదగ్గది కాదులే అన్నది.

ఇంటి వెనక, వంటామె గదికి పక్కనే ఫర్నేసు గది. దాని గోడకు రెండడుగుల జాలీ ఉంది. అందులోంచి కత్తిలాంటి చలిగాలి లోపలికి వస్తోంది. ఒకపక్క డీజిల్ కాల్చి వేడి పుట్టిస్తూ, ఇంకోపక్క మంచుగాలికి దారి వదిలిన దాన్ని బిగించిపోయిన తెల్ల ఇంజనీరు తెలివికి నాకు నవ్వొచ్చింది. ఖాళీ గోనె సంచులు నాలుగు మడిచి, జాలీలో కూరి, చెక్కతో బిగించాను. చేసిన పని చూసుకుని సంతోషపడ్డాను కూడా.

వారం తిరిగేసరికి మూడు డ్రమ్ములు రెండయ్యాయి. వాచ్‌మన్ కింద ఊరికి పోయి ఫోన్ చేసి చెప్పాడు. మేనేజరు నుంచి శభాష్ అని కబురొచ్చింది. నేను కేబిన్ ముందు కుర్చీ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, కొండను నేనే కొన్నట్టు కూర్చున్నాను.

ఆ వారంలోనే వంటామె రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది. మొదటిసారి తల దిమ్ముగా ఉందని చెప్పింది. రెండోసారి కడుపులో తిప్పుతోందని, పొద్దున లేస్తే కాళ్లు తన మాట వినడం లేదని, బయట తోటలోకి పోతే తగ్గిపోతోందని చెప్పింది. ఇంతకంటే స్పష్టంగా ఏ మనిషీ చెప్పలేడు. నీకు చలి పడటం లేదక్కా అని నేను తలనొప్పి మాత్రలు ఇచ్చాను. ఫర్నేసు అద్దంలోంచి చూస్తే మంట పసుపుపచ్చగా, సోమరిగా ఊగుతోంది. అద్దం అంచుకు మసి పడుతోంది. అంతకుముందు అది తెల్లగా, కసిగా మండేది. ఇప్పుడు శాంతించింది, డీజిల్ ఆదా అవుతోందని అనుకున్నాను. గాలి చాలక మంటకు ఊపిరాడటం లేదని, అది విడిచే విషగాలి డక్టుల్లో పడి గదులకు పోతోందని నాకు తెలియదు. వాసన కూడా ఉండని గాలి అది.

ఆ తర్వాత ఒకనాడు కొండ మీద గట్టి మంచు పడింది. పొద్దు పొడిచాక వాచ్‌మన్ నా కేబిన్ తలుపు కొట్టాడు. వంటింటి తలుపు తెరవలేదని, కాఫీ లేదని సైగ చేశాడు. తొమ్మిదేళ్లలో ఆ తలుపు తెల్లారేసరికి తెరవని రోజు లేదట.

తలుపు భుజంతో నెట్టి లోపలికి పోయాను. ఇల్లు వెచ్చగా, హాయిగా ఉంది. అది నేను ఎప్పటికీ మరచిపోలేను, అంత హాయిగా ఉంది. వంటామె నడవలో బోర్లా పడి ఉంది. తన గదిలోంచి మామా గది వైపు పాకుతూ వచ్చినట్టు చీర కొంగు వెనక పరుచుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. ఇద్దరం చంకల కింద చేతులు వేసి బయట మంచులోకి ఈడ్చుకొచ్చాము. నేను మళ్లీ లోపలికి పరుగెత్తాను.

మామా మంచం మీద కూర్చుని ఉంది. కళ్లు మసకగా ఉన్నా నోరు బాగానే ఉంది. వాంతి వచ్చేట్టుందని, ఇల్లు తిరుగుతోందని చేత్తో చూపిస్తూ ఏదేదో తిడుతోంది. చూస్తే కిటికీ జానెడు తెరిచి ఉంది, మూసుకోకుండా మధ్యలో చెప్పు ఇరికించి ఉంది. నా ఎదుట మూయించుకుని, నేను పోగానే రోజూ తెరుచుకుంటోందన్నమాట. నేను ఆమెను వీపు మీద ఎత్తుకున్నాను. పరాయి మగవాడు ఒళ్లు తాకాడని బయటికి వచ్చేదాకా కర్రతో నా నెత్తి మీద కొడుతూనే ఉంది. ఆ దెబ్బలు నాకు ఎంత ఆనందాన్నిచ్చాయో చెప్పలేను. చచ్చిపోయే మనిషి అంత గట్టిగా కొట్టదు.

నా మాట వినని మనిషి కర్రతో కొట్టే స్థితిలో ఉంది. నా మాట విని అన్నీ మూసుకుని పడుకున్న మనిషి మంచులో కదలకుండా పడి ఉంది. నా వృత్తి నైపుణ్యానికి ఇంతకంటే మంచి సర్టిఫికెట్టు తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

కాసేపటికి వంటామె మూలిగింది, వాంతి చేసుకుంది. ఇద్దరినీ పికప్‌లో పడుకోబెట్టి, వాచ్‌మన్ దిగుడు రోడ్డు మీద బండిని ఎలా తోలాడో ఆయనకే తెలియాలి. ఆసుపత్రిలో వాళ్లకు ఆక్సిజన్ మాస్కులు పెట్టాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఏం తిన్నారని అడుగుతాడనుకుని, రాత్రి వంట సంగతి చెప్పడానికి సిద్ధమయ్యాను. ఆయన ఫర్నేసు ఉందా అని అడిగి, ఉందంటే హిందీలో ఒకటే మాట అడిగాడు.

"ఏం మూశావు?"

అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

రెండో రోజుకు వంటామె లేచి కూర్చుంది. నేను మంచం పక్కన నిలబడి సంచుల సంగతి మొత్తం చెప్పాను. గాలి వస్తున్నదని నేనే బంద్ చేసిన అక్కా, నాకు ఎరుక లేకపాయె అన్నాను. తిడుతుందని ఎదురుచూశాను. ఆమె దుప్పటి అంచు సరిచేసుకుంది.

"మా ఊర్లో కోళ్లను గంప కింద మూసే పిల్లోళ్లు గూడా గాలికి సందు ఇడుస్తారు తమ్ముడా," అన్నది. "నువ్వు పాస్‌పోర్టు దెచ్చుకోని వస్తివే ఇంత దూరం."

ఇక్కడిదాకా నాది తెలివితక్కువతనం. ఇక చెప్పబోయేది వేరే సరుకు.

మూడో రోజు పొద్దున అర్బాబ్ వచ్చి తల్లినీ వంటామెనూ ఇంటికి తీసుకుపోయాడు. మధ్యాహ్నం మేనేజరు ఘాలా నుంచి ఆసుపత్రికి వచ్చాడు. అర్బాబ్ కొండ మీద ఉన్నాడని, మాట్లాడాలని నన్ను కార్లో ఎక్కించుకున్నాడు. దారిలో తన ఏర్పాటు చెప్పాడు. తప్పు కంపెనీది అని తేలితే కాంట్రాక్టు పోతుంది, నీ వీసా క్యాన్సల్, రేపే విమానం. ఆ వంటమనిషి చలికి తట్టుకోలేక తెలియక సంచులు కూరింది అని చెబుతాను. చదువులేని ఆడమనిషి, ఆమెను ఎవరూ ఏమీ అనరు, మహా అయితే ఊరికి పంపిస్తారు. నువ్వు నోరు మూసుకుని నిలబడు, చాలు. ఇదీ ఆయన చెప్పింది.

నేను తలూపాను.

రాయకుండా వదిలేద్దామా అని రెండు రోజులు ఆలోచించిన వాక్యం ఇదే. కానీ ఊపాను. కొండ ఎక్కినంతసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, తల తిప్పుకోవడానికి అదొక్కటే దిక్కు కాబట్టి.

పెద్ద గదిలో తివాచీ మీద అర్బాబ్ కూర్చుని ఉన్నాడు. మూలన దిండ్లకు ఆనుకుని మామా. గది చల్లగా ఉంది, నాలుగు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. మేనేజరు తనకు వచ్చిన అరబీలో మొదలుపెట్టాడు. నాకు అరబీ యాభై మాటలకు మించి రాదు. కానీ ఆయన వేలు వంటింటి వైపు చూపించినప్పుడు, చేత్తో ఏదో కూరినట్టు అభినయించినప్పుడు, అనువాదం అక్కరలేకపోయింది.

మేనేజరు ఒక సంగతి లెక్కలో వేసుకోలేదు. తొమ్మిదేళ్లు మామాతో కూర్చుని ఖర్జూరాలు ఒలిచిన మనిషికి ఆ గదిలో ఉన్న మా అందరికంటే మంచి అరబీ వచ్చు. ఆమె కాఫీ పట్టుకుని గుమ్మంలోనే ఉంది. మొత్తం విన్నది. వచ్చి అర్బాబ్‌కు పోసింది, మేనేజరుకు పోసింది, నాకూ పోసింది. ఇంకా నీరసం తగ్గలేదు, కాఫీ కాస్త నా వేళ్ల మీద ఒలికింది. తల ఎత్తి నా మొహంలోకి చూసింది. అందులో కోపం లేదు. వీడేం చేస్తాడో చూద్దామన్నట్టు, పాలు పొంగుతాయేమో చూసే చూపు అది.

నేను లేచి నిలబడ్డాను. మాటలు వెతుక్కున్నాను. అరబీలో మూయడాన్ని సక్కర్ అంటారు. నాకూ తెలుసు, దుకాణాల దగ్గర రోజూ వినే మాటే. కానీ భయానికి నాలుక మడతపడింది. గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "అనా సుక్కర్ హవా" అన్నాను.

సుక్కర్ అంటే చక్కెర. నేను, చక్కెర, గాలి. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క పెద్ద ఒప్పుకోలు అది.

అర్బాబ్ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు వీడికి జ్వరమని చెప్పబోయాడు. నేను వదల్లేదు. మళ్లీ గుండెల మీద కొట్టుకుని అదే మాట ఇంకా గట్టిగా అన్నాను. మూలనుంచి మామా దగ్గుతున్నట్టు శబ్దం వచ్చింది. నవ్వని తర్వాత అర్థమైంది.

అప్పుడు వంటామె కాఫీ పాత్ర కింద పెట్టి, కొంగు సరిచేసుకుని, అరబీలో మాట్లాడింది. గడగడా, తడబడకుండా, నా వైపు, జాలీ వైపు, నా తల వైపు చూపిస్తూ చెప్పింది. మధ్యలో మేనేజరు వైపు కూడా ఒకసారి చూపించింది. ఆయన కాఫీ కప్పులోకి చూసుకున్నాడు.

"ఏం చెప్పినవక్కా?" అన్నాను మెల్లగా.

"నువ్వు చెప్పిందే చెప్పినా. చక్కెర తీసేసి."

అర్బాబ్ మేనేజరును ఒకటే ప్రశ్న అడిగాడట. ఈ మనిషి ఇలాంటి మెషీన్ మీద అంతకుముందు ఎక్కడైనా పనిచేశాడా అని. మేనేజరు డక్టుల గురించి, ఫ్యాన్ల గురించి మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. తర్వాత అర్బాబ్ నా వైపు తిరిగి గొంతు పెంచాడు. అందులో ఖలాస్ అన్న మాట రెండుసార్లు వినబడింది. అయిపోయిందని అర్థం. నేను మనసులో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

మామా కర్రతో నేలను తట్టింది. ఆమె నాలుగైదు మాటలే అన్నది. అర్బాబ్ ఏదో అనబోతే ఇంకోసారి తట్టింది. వంటామె నాకు తెలుగులో చెప్పేటప్పుడు మూతి మీద కొంగు అడ్డం పెట్టుకుంది.

"నిన్ను ఊరికి పంపరంట. ఈ చలికాలం అయ్యేదాంకా నువ్వు నా గదిలో పడుకోవాలంట, మిషను పక్కన. నేను మామా గదిలో పడుకుంటా. అప్పుడు నువ్వు మిషను బాగా చూసుకుంటావంట."

ఇంత సూటిగా ఆలోచించే ఇంజనీరును నా ఉద్యోగ జీవితంలో మళ్లీ చూడలేదు.

వారం తర్వాత ఫర్నేసు పని తెలిసిన ముసలి టెక్నీషియన్ను అర్బాబ్ పట్టుబట్టి తెప్పించాడు. ఆయన ముందు నా సంచులు పీకి నా చేతిలో పెట్టాడు. తర్వాత ఫర్నేసు పొట్ట విప్పాడు. లోపల నాలుగేళ్ల మసి, బకెట్లకు బకెట్లు తీశాం. కొంత నా పుణ్యం, ఎక్కువ భాగం పాతదే. మసి పట్టిన ఇనుము వేడిని గాలికి ఇవ్వదు, వేడి తిన్నగా చిమ్నీలోంచి ఆకాశంలోకి పోతుంది. డీజిల్ చిమ్మే నాజిల్ అరిగిపోయింది, మార్చాడు. మంట మళ్లీ తెల్లగా, కసిగా లేచింది. వారానికి ఒక డ్రమ్ము కూడా పూర్తి కాలేదు, మామా కిటికీ తెరిచి ఉండగానే. అంటే నేను మూసినవన్నీ మూయనక్కరలేనివి, తెరిచి శుభ్రం చేయాల్సినది ఒక్కటీ తెరవలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మంట రంగు ఎలా ఉండాలో అడిగి మరీ రాసుకున్నాను.

మిగిలిన చలికాలం ఆ గదిలోనే పడుకున్నాను. పిల్లలూ, భద్రత గురించి పెద్దపెద్ద బోర్డులు చూసి ఉంటారు మీరు. వాటికంటే, మీరు చూసే మెషీన్ పక్కన మీ మంచం వేయించి చూడండి. రోజుకు నాలుగుసార్లు జాలీ తడిమేవాడిని. వారానికోసారి చిమ్నీ దులిపేవాడిని. కిటికీ పూర్తిగా తెరిచి, రెండు రగ్గులు, స్వెటరు, మంకీ క్యాప్‌తో వణుకుతూ పడుకునేవాడిని. ఆ కొండ మీద ఆ చలికాలం అందరికంటే ఎక్కువ చలి తిన్నది ఫర్నేసు పక్కన పడుకున్నవాడే.

మామా మాత్రం తన పద్ధతి తనది. రోజూ తెల్లారగానే నమాజు ముగించుకుని, కర్ర టకటకలాడిస్తూ నడవ దాటి వచ్చేది. నా తలుపు మీద మూడు దెబ్బలు కొట్టేది.

"ఇంతా హయ్?" అనేది. బతికున్నావా అని.

"హయ్, మామా" అనేవాడిని రగ్గు లోపలినుంచి.

జవాబు కాస్త ఆలస్యమైతే కర్ర దెబ్బలు ఆగేవి కావు. మార్చి నెలలో టెక్నీషియన్ చెప్పిన ప్రకారం మెషీన్ ఆపి, ట్యాంకు మూత బిగించి, మర్నాడు కిందికి పోవాల్సి ఉంది. ఆ ఆఖరి తెల్లవారి ఆమె వచ్చి కొట్టింది, అడిగింది. ఆ రోజు నేను రగ్గు తీసి, లేచి వెళ్లి తలుపు తెరిచి, ఎదురుగా నిలబడి చెప్పాను. ఆమె నన్ను తలనుంచి కాళ్లదాకా చూసింది, నమ్మకం కుదరనట్టు కర్ర కొనతో నా ఛాతీలో ఒకసారి పొడిచింది. తర్వాత వంటామెను కేకేసి నాకు కాఫీ ఇవ్వమని చెప్పి, దానిమ్మ చెట్లు చూసుకోవడానికి పోయింది.